చేయగలిగినదంతా చేయాలా?

చేయగలిగిన పనంతా చేసి తీరవలసిందేనా? వినడానికి వేదాంతుల గోష్ఠికి తగిన ప్రశ్నలా ఉంది గానీ, నాకిది ఒక పాత కారు ఇంజను పుణ్యమా అని పట్టుకుంది.

మా మరిదికి పాత కార్ల పిచ్చి. అంబాసడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది కదా! అంతకు చాలా ముందుదాన్ని, 1489 సి.సి. పెట్రోలు ఇంజనున్నదాన్ని సంపాదించాడు. ఊరుకుంటేనా? హెడ్డు నునుపు చేయించాడు. కామ్‌షాఫ్టు మార్పించాడు. ఇంకో కార్బురేటరు తగిలించాడు. నిమిషానికి 4,200 చుట్ల దగ్గర పూర్తి శక్తి చూపే ఇంజను, ఇప్పుడు 5,000 దాటినా ఇంకా ఇంకా అంటోందట.

"దీని అన్నగారు వదినా, 1955లో ఇంగ్లండులో వచ్చిన ఎం.జి.ఎ. స్పోర్ట్స్ కారు ఇంజను! అదీ 1489 సి.సి.యే. 5,500 దగ్గర పూర్తి శక్తి ఇచ్చేది. మనదెందుకు తిరగదూ?" అని అతని వాదన.

నాకు నవ్వొచ్చింది. పక్కింటి కోడలు ఆఫీసుకు వెళ్తూనే ఆవకాయ కూడా పెట్టిందిట, నీకేం వచ్చిందీ అన్నట్టే లేదూ?

పెద్దవాడైన మెకానిక్కు మాత్రం నవ్వలేదు. "తిరుగుతుంది బాబూ, తిరగదని ఎవరన్నారు? మీరు పెంచింది దాని ఊపిరి. ఎముకలు పాతవే" అన్నాడు. 5,000 చుట్ల దగ్గర పిస్టన్ నిమిషానికి 10,000 సార్లు ఆగి వెనక్కి తిరగాలట. ఆ విసురునంతా పట్టి ఆపేది కనెక్టింగ్ రాడ్డు, దాని బోల్టులు. 4,000 నుంచి 5,000కి వెళ్తే వేగం పెరిగేది పావు వంతే. రాడ్డు మీద విసురు మాత్రం సగానికి పైగా, 56 శాతం పెరుగుతుంది. పైగా లోహానికి మరుపు లేదు, పడ్డ శ్రమంతా లోపల దాచుకుంటుంది.

ఇంకో మాట కూడా చెప్పాడు. వేగం మితిమీరితే వాల్వు స్ప్రింగులు సమయానికి వాల్వులు మూయలేక టకటకమని గోల పెడతాయి, శక్తి పడిపోతుంది. అది మంచిదే, మనకు తెలుస్తుంది. రాడ్డు అలా కాదు, చివరి దాకా కిక్కురుమనదు. విరిగిన రోజున ఇంజనునే చీల్చుకుని బయటికొస్తుంది.

అప్పుడు నవ్వు ఆగిపోయింది నాకు. మన ఇళ్ళలో గోల పెట్టేవాళ్ళను గయ్యాళులంటాం. నోరెత్తనివాళ్ళను సహనశీలురంటాం. ఆ సహనశీలి మీదే మరో పని వేస్తాం. మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది, స్కూటరు వచ్చింది. ఆవిడ ఊపిరి పెరిగింది, నిజమే. నడుం మాత్రం పాతదే! చేయగలుగుతోంది కదా అని ఒక్కొక్కటీ చేర్చుకుంటూ పోతే, ఆ చేర్చేది పావు వంతే అనిపిస్తుంది. ఆవిడకు పడే భారం ఎంతో లెక్క వేసిందెవరు?

అలాగని కదలకుండా కూర్చోమనడం కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు టాపుగేరులోనే మూలుగుతూ ఈడ్చినా బేరింగులకు హానేనట. తిరగవలసినంత తిరగడం ఇంజనుకూ ఆరోగ్యమే, మనిషికీ ఆరోగ్యమే.

పాత అంబాసడరులో బండి వేగం చూపే ముల్లు ఉంటుంది గానీ ఇంజను చుట్లు చూపే ముల్లు ఉండదు. మెకానిక్కు ఆ ముల్లున్న గడియారం ఒకటి బిగించి, 5,000 దగ్గర ఎర్ర రంగుతో గీత గీశాడు. "రాడ్లు, బోల్టులు కొత్తవి వేయిస్తే అప్పుడు గీత జరుపుదాం" అన్నాడు. గీత అవమానం కాదన్నమాట. లోపల ఉన్నదాన్ని చూసి వేసే లెక్క అది. హడావిడిలో పెడల్ తొక్కుతూ గీసేది అంతకన్నా కాదు, బండి ఆగి ఉన్నప్పుడు తీరిగ్గా గీసుకోవాలి.

మనకా ముల్లు ఎవరూ బిగించరు. అందుకని, గీత ఎక్కడుందో మనమే నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు చెడ్డవాళ్ళు కాకపోయినా సరే, తమ అవసరం ఎక్కడ తీరుతుందో అక్కడే గీస్తారు. ఆ అవసరమేమో ఏనాటికీ తీరేది కాదు!