ఎవరి పని, ఎవరి తీరిక?

రిటైరయ్యాక నేను మొదట నేర్చుకున్న పని ఊలు అల్లడమని తెలిస్తే నా పాత విద్యార్థినులు నవ్వుతారు. ముప్పై ఏళ్లు క్లాసులో ఇంటి చాకిరీ గురించి, ఆడవాళ్ల శ్రమకు విలువ కట్టకపోవడం గురించి చెప్పినదాన్ని. "మేడమ్, మీరూనా?" అని ఒకమ్మాయి ఫోనులో అనేసింది కూడా. నవ్వేశాను గానీ, ఆ "మీరూనా" నన్ను వదల్లేదు.

నా పదిహేనో ఏట, కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో, అమ్మ నాకు అల్లిక నేర్పబోయింది. పక్కింటి బెంగాలీ ఆవిడ దగ్గర తను నేర్చుకుంది. మధ్యాహ్నం వంటింటి పనంతా తెమిలాక గుమ్మంలో కూర్చుని అల్లేది. నేను సూదులు పక్కన పడేసి, "నేను చదువుకోవాలి, ఇవన్నీ నాకెందుకు?" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు. సూదులు తీసుకుని తన పని తను చేసుకుంది. చాలా ఏళ్లు ఆ మాటను నా మొదటి తిరుగుబాటుగా చెప్పుకున్నాను. సభల్లో కూడా చెప్పాను.

ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. ఆ రోజు నేను కాదన్నది దేన్ని? ఆడపిల్ల కాబట్టి నేర్చుకోవాలన్న బలవంతాన్నా? అమ్మ బలవంతం చేయనే లేదు. మరి ఆ పనినా? లేక ఆ పని చేసే అమ్మనా?

రోజికా పార్కర్ 1984లో వచ్చిన "ది సబ్వర్సివ్ స్టిచ్"లో ఎంబ్రాయిడరీ ఆడవాళ్లకు అణకువ నేర్పే సాధనంగా ఎలా పనికొచ్చిందో చూపించింది. అదే సూది వాళ్ల ప్రతిఘటనకు ఎలా ఆసరా అయిందో కూడా చూపించింది. క్లాసులో నేను మొదటి సగాన్నే గట్టిగా చెప్పేదాన్ని. రెండో సగం నా చేతికి అందలేదు.

అమ్మకిప్పుడు ఎనభై మూడు. గ్లకోమాతో చూపు చాలావరకు పోయింది. తన పక్కనే కూర్చుని ఇరవై కుట్లు వేసుకుని మొదలుపెడితే పదో వరసకి ఇరవైమూడు అయ్యేవి. "అంత చదువుకున్నదానివి, ఇరవై లెక్కపెట్టలేవా?" అంది. తర్వాత అల్లిక మీద వేళ్లు నడిపించి, "నాలుగో వరసలో ఒకటి జారింది, చూడు" అంది. కళ్లద్దాలు పెట్టుకుని కూడా నాకు కనబడలేదు. దీన్ని తెలివి అనకపోతే మరి దేన్ని అంటాం? నాలుగుసార్లు విప్పి నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఎక్కడ వేసిన గొంగడి అక్కడే.

అల్లిక కాస్త పట్టుబడ్డాక రంగులద్దడం మీదికి మనసు పోయింది. తెల్ల ఊలు 100 గ్రాములు, పటిక 12 గ్రాములు, ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు. పటిక నీళ్లలో ఊలుని ముందు నానబెట్టి, తొక్కల కషాయంలో సన్న సెగ మీద ఉంచితే మంచి పసుపు రంగు పడుతుంది. వేడి మెల్లగా ఎక్కాలి, మెల్లగానే దిగాలి. నేను తొందరపడి మరిగే నీళ్లలోంచి తీసి కుళాయి కింద పెట్టి పిసికేశాను. పోగులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దకట్టాయి. అల్లిక తప్పితే విప్పుకోవచ్చు, దీన్ని విప్పడం ఎవరి తరమూ కాదు. "పోతే పోయిందిలే, ఇంకొకటి కొనుక్కుందాం" అనుకున్నాను.

అనుకున్నాక ఆ మాట దగ్గరే ఆగిపోయాను. ఎవరనగలరు ఈ మాట?

కొన్నేళ్ల కిందట మెదక్ వైపు ఒక ఊళ్లో గొంగడికి ఉన్ని వడికే ఒక కురుమ ఆమెను చూశాను. దక్కని గొర్రె ఉన్ని సహజంగానే నలుపు. దానికి రంగు అక్కర్లేదు, వేసినా తేలదు. ఆడవాళ్లు వడుకుతారు, మగవాళ్లు గుంట మగ్గం మీద నేస్తారు, చింతగింజల గంజి పెడతారు. నేత అన్న పేరు మగ్గానికి పోతుంది. వడికిన చేతికి పేరు లేదు. మాంసం కోసం ఉన్ని లేని గొర్రెలతో సంకరం చేయడంతో ఆ ఉన్నీ తగ్గింది. చవక సింథటిక్ దుప్పట్లు వచ్చాక కొనేవాళ్లూ తగ్గారు. నేను ముచ్చటపడి "ఎంత గొప్ప కళ!" అన్నాను. ఆమె రాట్నం ఆపకుండానే, "మంచిగున్నది మంచిగున్నది అంటున్నవ్ గని బిడ్డా, ఎంతకు కొంటవు?" అంది.

నేను కొనలేదు. ఆమె మాట నా వ్యాసంలోకి వచ్చింది. గొంగడి మాత్రం మా ఇంటికి రాలేదు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడమంటే ఇదే కదా!

బలవంతంగా చేస్తే చాకిరీ, ఇష్టపడి చేస్తే కళ అని మనం తేలిగ్గా అనేస్తాం. నా ఇష్టం వెనక నా పెన్షన్ ఉంది. నా తప్పుకి ఒక ఊలు చుట్ట ఖర్చు, ఆమె తప్పుకి ఒక పూట కూలి. తప్పు చేయగలగడం కూడా ఒక ఆస్తే. అది ఉన్నవాళ్లం ఇష్టం గురించి మాట్లాడుతున్నాం.

అలాగని అమ్మ అల్లికంతా చాకిరీయేనా? మొన్న అడిగాను, "నీకిష్టమయ్యే అల్లేదానివా?" అని. అమ్మ కాసేపు ఆలోచించింది.

"ఆ గంట నన్నెవరూ పిలిచేవాళ్లు కాదే. ఊరికే కూర్చున్నా, పుస్తకం పట్టుకున్నా మీ నాయనమ్మ ఏదో పని చెప్పేది. చేతిలో సూదులుంటే పని చేస్తోందనుకునేది."

నలభై ఏళ్లకు పైగా నాకు అర్థం కానిది ఇది. అమ్మ నాకు ఇవ్వబోయింది పనిని కాదు, ఆ గంటని. తనకి తెలిసిన ఒక్క దారిలో తీరికని ఎలా దొంగిలించుకోవాలో చెప్పబోయింది. నాకు పుస్తకమే దొరికింది కాబట్టి సూదుల అవసరం రాలేదు. తిరుగుబాటు అనుకున్నదాంట్లో కొంత నా అదృష్టం, కొంత అమ్మ పట్ల చిన్నచూపు.

కాబట్టి ఏ పని ఆడవాళ్లని దిగజారుస్తుంది అన్నది సరైన ప్రశ్న కాదేమో. ఆ పని చేసే గంట ఎవరిది, దాని వెల ఎవరు కడుతున్నారు అని అడగాలేమో. అమ్మ గంట దొంగిలించుకున్నది. నా గంట నాకు దక్కింది. ఉన్ని వడికే ఆమె గంట ఎవరిదో నాకు తెలుసు, తెలిసే వెల కట్టకుండా వచ్చాను.

ఈ చలికాలం మళ్లీ ఆ ఊరు వెళ్తాను. ఈసారి నోట్‌బుక్ కాదు, డబ్బు తీసుకెళ్లాలి. ఆమె చెప్పిన ధరకే కొనాలి.

ముద్దకట్టిన పసుపు ఊలుని అమ్మ చేతిలో పెట్టాను. తడిమి చూసి, "కుర్చీ మీద వేసుకోవచ్చులే" అంది. తర్వాత నా అల్లిక అడిగి తీసుకుని వేళ్లు నడిపించింది.

"మళ్లీ జారింది. విప్పు."