నుదుటి మీద పట్టు

నాకు పార్శ్వనొప్పి వచ్చిందని నేను నోటితో చెబితే మా ఇంట్లో ఎవరికీ పెద్దగా ఎక్కదు. నుదుటి మీద శొంఠి పట్టు కనిపిస్తే మాత్రం అందరికీ తెలిసిపోతుంది. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, కాలు బెణికితే వాస్తుంది. ఈ నొప్పికి పైకి కనిపించే గుర్తంటూ ఏదీ లేదు. మనిషి ఎప్పటిలాగే ఉంటుంది, ఎడమ కణత దగ్గర మాత్రం గుండెతో పాటు ఏదో దడదడ కొట్టుకుంటూ ఉంటుంది. "తల పగిలిపోతోంది" అంటే "కాస్త కాఫీ తాగు, అదే పోతుంది" అంటారు. పట్టు వేసుకుని గదిలోంచి ఒక్కసారి బయటికొస్తే చాలు, పిల్లలు టీవీ సౌండ్ తగ్గిస్తారు, మావారు తలుపు దగ్గరగా వేసి వెళ్తారు, అత్తయ్యగారు "ఇవాళ చారు నేను పెడతాలే, నువ్వు పడుకో" అంటారు. ఆ పట్టు నాకు సెలవు చీటీ.

అందుకే ఈమధ్య నన్ను నేను నిలదీసుకుంటున్నాను. అది నొప్పి తగ్గడానికా, నొప్పి ఉందని నమ్మించడానికా?

పట్టు వెయ్యడం చిన్న పనేం కాదు. గంధం సాన మీద నాలుగు చుక్కల నీళ్ళు వేసి, శొంఠి కొమ్మును గుండ్రంగా అరగదియ్యాలి. మొదట పీచు పీచుగా వస్తుంది. చెయ్యి నిలకడగా తిప్పితే అప్పుడు మట్టిరంగు గంధం దిగుతుంది. పల్చనైతే కళ్ళలోకి కారుతుంది, ఇక ఆ మంటతో ఇంకో కథ. వేలితో తీసి ఈ కణత నుంచి ఆ కణత దాకా రాస్తే ముందు చల్లగా ఉంటుంది, కాసేపటికి చురుక్కుమంటుంది, ఆ తర్వాత మండుతుంది. ఆరేకొద్దీ చర్మాన్ని బిగలాగుతుంది. కనుబొమ్మ ఎత్తితే పొడిపొడిగా దిండు మీద రాలుతుంది.

తల ఎత్తలేని మనిషి ఇదంతా తనకు తాను చేసుకోలేదు. ఎవరో ఒకరు అరగదీసి పెట్టాలి. ఒకప్పుడు మా అమ్మ, ఇప్పుడు మా అమ్మాయి. వంటింట్లోంచి సాన మీద కొమ్ము తిరిగే గరగర వినిపిస్తుంటే నాకు సగం హాయిగా ఉంటుంది, ఇంకా నుదుటికి ఏమీ తగలకముందే. ఆ కాసేపు ఇంట్లో ఒకరు అచ్చంగా నా కోసమే పని చేస్తున్నారు. ఆ హాయిలో శొంఠి వాటా ఎంత, ఆ గరగర వాటా ఎంత అని విడదీయబోతే మనసు ఒప్పుకోదు.

శొంఠిలో ఏమీ లేదని అనను. నుదుటి చర్మం నుంచి మెదడుకు కబురు మోసే ట్రైజెమినల్ నరమే పార్శ్వనొప్పిలోనూ రేగుతుంది. దాని కొసల మీద శొంఠి మంట పడితే లోపలి పోటు మీంచి ధ్యాస కాసేపు ఇటు మళ్ళుతుంది. కడుపులోకి వెళ్ళే శొంఠికి ఇంకొంచెం బలమైన సాక్ష్యమే ఉంది. ఇరాన్‌లో 100 మంది మీద జరిగి, 2014లో అచ్చయిన పరీక్షలో శొంఠి పొడి, పార్శ్వనొప్పికి డాక్టర్లు రాసే సుమట్రిప్టాన్ మాత్ర రెండు గంటలకు ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చి చూసిన జట్టు అందులో లేదు కాబట్టి దాన్ని చివరిమాటగా తీసుకోకూడదు. అయినా వికారానికి అల్లం, శొంఠి మేలు చేస్తాయన్నది మన వంటిళ్ళకి కొత్త సంగతి కాదు. తమాషా ఏమిటంటే, ఈ సాక్ష్యం నుదుటి పూతకు వర్తించదు. ఇది తెలిశాక కూడా నేను శొంఠి కాఫీ కలిపిమ్మని అడగను, పట్టే వెయ్యమంటాను. కాఫీ తాగితే ఎవరికి కనిపిస్తుంది?

అమృతాంజనం సంగతీ అంతే. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ఆ పచ్చమందు రాబడే 1908లో ఆంధ్రపత్రికకు, 1924లో భారతి పత్రికకు ఆసరా అయింది. తెలుగువాళ్ళ తలనొప్పి తెలుగు పత్రికలను పోషించిందంటే అతిశయోక్తి కాదు. అందులోని మెంథాల్ చర్మంలో చలిని కనిపెట్టే నరాలను తట్టి చల్లబడ్డట్టు భ్రమ కలిగిస్తుంది, చాలామందికి అది హాయి. నాకైతే నొప్పి ముదిరాక ఏ వాసనా గిట్టదు, పోపు వేగినా కడుపులో తిప్పుతుంది. అయినా ఆ సీసా మూత తీసి రాసుకుంటాను. వాసన హాల్లోకి వెళ్ళి నేను చెప్పలేని మాట చెప్పి వస్తుంది.

ఇక మాత్రల విషయంలో నా బుద్ధి ఇంకా విచిత్రం. "ఇంతమంది పిల్లల్ని పెంచింది, ఏనాడూ ఒక్క మాత్ర మింగి ఎరగదు" అని మా వైపు ఆడవాళ్ళను మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటూ పెరిగినదాన్ని. పొద్దున మొదలైన నొప్పిని సాయంత్రం దాకా పళ్ళ బిగువున భరించి, "ఇవాళ మాత్ర లేకుండానే గడిపాను" అని పక్కింటావిడతో చెప్పుకునేటప్పుడు నా గొంతులో ఒక గర్వం పలికేది. ప్రకృతి వైద్యం మీద నాకున్న భక్తిలో ప్రకృతి పాలు కొంచెమే, మిగిలిందంతా ఓర్పుగల ఇల్లాలినన్న పేరు మీద మోజు.

ఒంటికి ఈ గర్వాలతో పనిలేదు. వదిలేస్తే పార్శ్వనొప్పి 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. అది రాగానే జీర్ణాశయం పని మందగిస్తుంది, ఆలస్యంగా మింగిన మాత్ర అక్కడే ఉండిపోయి రక్తంలోకి తొందరగా చేరదు. ముందు చిట్కా, తగ్గకపోతే మాత్ర అనే వరస అందుకే బెడిసికొడుతుంది. డాక్టరు రాసిన మాత్ర మొదట్లోనే వేసుకుని, పట్టు కూడా వేసుకోవచ్చు, రెంటికీ తగవు లేదు. మాత్రలకూ ఒక హద్దుంది. ట్రిప్టాన్లు, రెండు మూడు మందులు కలిపిన తలనొప్పి మాత్రలు నెలకు 10 రోజులు, పారాసిటమాల్ లాంటివి 15 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ వాడుతూ, అలా నెలల తరబడి సాగితే ఆ మాత్రలే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి. ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు వచ్చే నొప్పి, యాభై దాటాక మొదటిసారి వచ్చేది, జ్వరంతో మెడ బిగిసేది, మాట తడబడి కాలో చెయ్యో పట్టు తప్పేది ఏ చిట్కాకూ లొంగేవి కావు. వాటికి వెంటనే ఆసుపత్రే.

నొప్పి ఎందుకొస్తోందని వెతకబోతే దొరికినవన్నీ నా పద్ధతైన జీవితంలోవే. శుక్రవారం తలస్నానం, తడి జుట్టు ముడి, దాని కింద సాంబ్రాణి పొగ. తలస్నానంతో పార్శ్వనొప్పి రేగడం మన దేశంలో ఎంత మామూలంటే, ముంబై వైద్యులు కె. రవిశంకర్ అలాంటి 94 మందిని పరిశీలించి 2006లో వైద్య పత్రికలో రాశారు. కార్తీక సోమవారం ఉపవాసం ఇంకొకటి. ఖాళీ కడుపు ఈ నొప్పికి బాగా తెలిసిన పిలుపు. దీపాలు పెట్టే వేళకి తల దిమ్మెక్కితే దాన్ని కూడా వ్రతం ఖాతాలోనే వేసుకునేదాన్ని. ఆదివారం ఆలస్యంగా లేవడం, రోజూ రెండు మూడు కప్పులు తాగే కాఫీ ఆవేళ పొద్దెక్కాక దొరకడం కూడా ఈ జాబితాలోవే.

వీటన్నిటికన్నా పాతది, ఎవరి లెక్కలోకీ రానిది ఇంకొకటుంది. అందరూ తిన్నాక తినడం. మావారికి, అత్తయ్యగారికి వడ్డించి, పిల్లలు వచ్చాక వాళ్ళకి పెట్టి, గిన్నెలు సర్ది, నా కంచం ముందు కూర్చునేసరికి మూడు దాటేది. నొప్పి చాలాసార్లు నాలుగింటికి మొదలయ్యేది. ఈ రెంటినీ కలిపి చూడ్డానికి వైద్యశాస్త్రం చదవక్కర్లేదు, గోడ గడియారం చాలు.

నిజంగా పనిచేసే ఇంటి చిట్కాలన్నీ చప్పటివి. వేళకి తిండి, వేళకి నిద్ర, నీళ్ళు, ఎండలోకి వెళ్తే గొడుగు. నొప్పి మొదలవగానే చీకటి గది, ఐసు ముక్కలు తువ్వాలులో చుట్టి మెడ వెనక. కుదిరితే నిద్ర, ఒక్కోసారి ఆ నిద్రతోనే నొప్పి తెగిపోతుంది. వీటిలో అరగదీసేదేమీ లేదు, ఎవరూ వచ్చి నుదురు పట్టి చూడరు. పైగా ఇవి ఇంటిని అడిగేది పెద్దది. పట్టు వెయ్యమంటే ఒక మనిషి కాసేపు సాన దగ్గర కూర్చుంటే అయిపోతుంది. ఒంటిగంటకే తింటానంటే వడ్డన వరస మారాలి, గిన్నెలు ఇంకెవరో సర్దాలి, "అంత ఆకలేమిటో" అన్న చూపును దాటుకుని కంచం పెట్టుకోవాలి. పట్టు వెంట జాలి వస్తుంది, కంచం వెంట వాదన వస్తుంది. ఇన్నేళ్ళూ నేను ఏది ఎంచుకున్నానో వేరే చెప్పాలా?

దీని అడుగున ఇంకొకటి ఉంది, రాయడానికి సిగ్గుగా ఉన్నా రాస్తాను. నొప్పి వచ్చిన రోజు తప్ప పగటిపూట ఆ గది తలుపు నా కోసం ఎవరూ వెయ్యరు. పట్టు ఆరి, పోటు తగ్గి, ఒళ్ళు తేలికపడ్డాక కూడా నుదురు కడుక్కోకుండా అలాగే పడుకున్న సాయంత్రాలున్నాయి. నటన అనలేను, నొప్పి నిజం. కానీ నొప్పి వెళ్ళిపోయాక మిగిలిన ఆ కాస్త ఏకాంతం కూడా నిజమే, దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. పార్శ్వనొప్పి పూర్తిగా నయమైతే నాకు ఆ గంట ఎలా దొరుకుతుందన్న బెంగ నాలో ఎక్కడో ఉందనుకుంటాను.

ఇప్పుడు ఒంటిగంటకే తింటున్నాను. మొదట్లో అత్తయ్యగారు ఏమీ అనలేదు, అనకపోవడంలోనే బోలెడంత అన్నారు. ఆ తర్వాత ఆవిడే "మాకెలా ఉన్నా, నీ తలకి మాత్రం టైముకి పడాలి" అని సర్దుకున్నారు. కార్తీక సోమవారాలు పాలూ పళ్ళతో వెళ్ళదీస్తున్నాను. తలస్నానం చేసి, ముడి వేసుకోకుండా ఫ్యాను కింద ఆరబెట్టుకుంటున్నాను. నొప్పుల మధ్య ఎడం పెరిగింది, అవి పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు మాత్ర వేసుకుంటాను, అమ్మాయి ఖాళీగా ఉంటే పట్టూ వేయించుకుంటాను.

ఇంకా చేతకానిదల్లా, ఏ నొప్పీ లేని మధ్యాహ్నం "ఓ గంట నన్ను పిలవకండి" అని చెప్పి తలుపు వేసుకోవడం. అడిగితే కాదనేంత చెడ్డవాళ్ళెవరూ మా ఇంట్లో లేరు. నా కోసం నేను అడగడమే నాకు అలవాటు లేదు, అందుకని ఇన్నాళ్ళూ నా తరఫున ఆ నొప్పి చేత అడిగిస్తూ వచ్చాను.