దాచినది, దక్కినది

మన ఉత్తరాలను, ఛాయాచిత్రాలను, పెద్దల కంఠస్వరాలను ఏ సాధనంలో భద్రపరిస్తే దీర్ఘకాలం నిలుస్తాయి? ఈ ప్రశ్నను మనం సాధారణంగా సాంకేతిక నిపుణులకు విడిచిపెడతాం. దుకాణానికి వెళ్లి, రెండు మూడు పరికరాల ధరలు విచారించి, ఒకటి కొనుక్కొని వచ్చి, బాధ్యత తీరిందనుకొంటాం. ఆ బాధ్యత నిజంగా ఎప్పుడు తీరుతుందన్న విషయంలో నాకు కలిగిన సందేహాలను, ఒక స్వానుభవం ఆధారంగా, పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మా నాన్నగారు గ్రామీణ ప్రాంతంలో ఉపాధ్యాయులు. తాము పనిచేసిన ఊళ్లలో చెరువుల కింద నీటి పంపకం ఎలా జరిగేదో, ఏ ఏడు పంటలు ఎండిపోయాయో, ఎవరెవరు వలస వెళ్లారో ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొన్నారు. 2004లో, చరిత్రలో ఎం.ఏ. పూర్తిచేసిన ఉత్సాహంలో, నేను దానిని కంప్యూటరులో టైపు చేసి ఒక సి.డి.లోకి ఎక్కించాను. అరవై పుటలు, మూడు ఫైళ్లు. నోటుపుస్తకం అటక మీదికి చేరింది. 2009 వానలలో కప్పు కారి అది తడిసినప్పుడు, సి.డి.లో ఉన్నది కదా అని నేనే పారవేయించాను.

2018లో నాన్నగారు కాలం చేసిన తరువాత ఆ సి.డి.ని బయటికి తీశాను. అప్పటికి మా ఇంటి కంప్యూటరులో సి.డి. పెట్టే చోటే లేదు. మిత్రుని వద్ద నుండి డ్రైవు తెచ్చి చూస్తే ఒక ఫైలు అసలు తెరుచుకోలేదు. మిగిలిన రెండూ తెరుచుకొన్నాయి గాని, వాటిలో తెలుగు లేదు. ఆంగ్లాక్షరాలూ విరామచిహ్నాలూ కలగాపులగంగా కనిపించాయి. “పుస్తకమే ఉంటే ఆరబెట్టుకొని చదువుకొనేవాళ్లం కదా నాయనా” అన్నది అమ్మ.

కారణం తరువాత తెలిసింది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నుండే ఉన్నది. భారతీయ ప్రమాణాల సంస్థ కూడ అదే సంవత్సరం భారతీయ లిపులకు ఒక సంకేతపద్ధతిని ప్రకటించింది. కాని అచ్చుపనికి వాడిన ఫాంట్లు చాలాకాలం వీటి జోలికి పోలేదు. ఆంగ్లాక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను అమర్చుకొని, ఎవరి పద్ధతి వారు నడిపించారు. ఆ ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు అర్థంలేని గీతల సముదాయం. డి.టి.పి. పని తెలిసిన ఒక మిత్రుడు నెలరోజులు శ్రమించి నలభై ఒక్క పుటలను తిరిగి తెలుగులోకి తెచ్చారు. మిగిలిన పంతొమ్మిది పుటలు పోయాయి.

చరిత్ర చదువుకొన్నవారికి ఇది కొత్త సంగతి కాకూడదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలున్నాయి. రాయి చెడలేదు. కాని బ్రాహ్మీ లిపిని చదవగలిగిన పరంపర తెగిపోయి, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దాని గుట్టు విప్పేవరకు, దేశమంతటా అశోకుని అక్షరాలు శతాబ్దాలపాటు మూగగా పడి ఉన్నాయి. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథానికి తొమ్మిది వందల ఏళ్లు నిండిన సందర్భంగా, బి.బి.సి. 1986లో లేజరు డిస్కులపై కొత్త సర్వే ఒకటి తయారుచేయించింది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ డిస్కులను చదివే యంత్రాలు అరుదైపోయి, పరిశోధకులు పూనుకొని సమాచారాన్ని రక్షించవలసి వచ్చింది. చర్మపత్రాలపై వ్రాసిన అసలు గ్రంథాన్ని మాత్రం నేటికీ చదవవచ్చు.

అయితే కాగితమే మేలనడం నా అభిమతం కాదు. కాగితం తడిస్తే ఏమవుతుందో మా అటక చెప్పింది. హార్డ్ డిస్కులో తిరిగే భాగాలున్నాయి, కొన్నేళ్లకే మొరాయించవచ్చు. పెన్ డ్రైవు విద్యుదావేశం రూపంలో సమాచారాన్ని పట్టి ఉంచుతుంది. ఏళ్ల తరబడి వాడకుండా పెట్టెలో పడవేస్తే ఆ ఆవేశం క్రమంగా జారిపోవచ్చు. ఇంట్లో వ్రాసుకొనే సి.డి.లోని రంగుపొరకు వేడి, వెలుతురు, తేమ మూడూ శత్రువులే. మన కోస్తా ఊళ్లలో ఈ మూడింటికీ లోటు లేదు. ఇక క్లౌడ్ అన్నది మరొకరి కంప్యూటరే. రుసుము ఆగితే ఖాతా ఆగుతుంది. రెండేళ్లు వాడని ఖాతాలను తొలగిస్తామని ముందే ప్రకటించిన సంస్థలూ ఉన్నాయి. యజమాని పోతే సంకేతపదమూ ఆయనతోనే పోతుంది.

మన పూర్వులకు తాటాకు శాశ్వతమన్న భ్రమ లేదు. చెదలు, తేమ వారికి తెలుసు. అందుకే వ్రాయసగాండ్రు తరతరానికీ కొత్త ఆకులపై తిరగవ్రాశారు. తెలుగు కావ్యాలు మన వరకు వచ్చాయంటే ఆ తిరగవ్రాతే కారణం. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఒక్కొక్క కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులకు జీతాలిచ్చి, పాఠభేదాలను పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించాడు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, వాటిలో ఒకటి వేరొక ఊరిలో అని నేటి నిపుణులు చెప్పే సూత్రం నాకు బ్రౌను పనినే గుర్తుకు తెస్తుంది. ప్రతులను పోల్చేందుకు పండితుల స్థానంలో చెక్‌సమ్ అనే లెక్క వచ్చింది. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మారుతుంది. పోల్చి చూడాలన్న పట్టుదల మాత్రం మనిషికే ఉండాలి. నేను సి.డి.ని దాచిన పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడ తెరిచి చూడలేదు.

ఇంతటి శ్రమ అన్నిటికీ సాధ్యమా? జిల్లా కార్యాలయాలలో పనిచేసినవారికి ఆర్.డిస్., డి.డిస్., ఎల్.డిస్. అనే గుర్తులు పరిచితాలు. మొదటిది శాశ్వతంగా ఉంచవలసిన దస్త్రం, రెండవది పదేళ్లు, మూడవది ఒక్క ఏడాది. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఆ గుర్తు వేయడం గుమాస్తా పని అనుకొనేవాడిని. భావితరం దేనిని చూడగలదో, దేనిని చూడలేదో ఆ రెండు అక్షరాలే నిర్ణయిస్తున్నాయని ఆలస్యంగా గ్రహించాను. ఇంటి విషయంలో మనం ఆ గుర్తు వేయం. ఫోనులో వేలకొద్దీ చిత్రాలను పోగుచేసి, ఎంపిక చేసే భారాన్ని పిల్లలకు విడిచిపెడతాం. ఏదీ పారవేయకపోవడం ప్రేమ అనిపిస్తుంది. నాకు మాత్రం అది బద్ధకమేమోనని అనుమానం.

కాని ఎంపికకు పూనుకొన్నప్పుడు మరొక చిక్కు ఎదురైంది. దక్కిన నలభై ఒక్క పుటలలో రెండు పుటలు ఒక కుటుంబపు అప్పుకు, దాని మూలంగా వచ్చిన తగాదాకు సంబంధించినవి. ఆ కుటుంబంవారు ఇంకా ఆ ఊరిలోనే ఉన్నారు. నాన్నగారు వాటిని తమకోసం వ్రాసుకొన్నారు. ఎవరికీ చూపమని గాని, చింపమని గాని చెప్పలేదు. చరిత్ర విద్యార్థిగా ఆ పుటలు నాకు అమూల్యం: ఒక కరువు ఏడాదిలో ఊరు ఎలా నడిచిందో వాటిలో ఉన్నది. పొరుగువానిగా ఆలోచిస్తే, వారి అనుమతి లేకుండా వారి కష్టాన్ని మూడు ప్రతులు తీసి మూడు చోట్ల దాచే హక్కు నాకెక్కడిది? తాటాకు కాలంలో ఇటువంటి పుటను తిరగవ్రాయకుండా వదిలేస్తే చాలు, కాలమే దానిని చెరిపేసేది. ఈనాడు చెరపడానికీ ఉంచడానికీ సంతకం మనదే.

ప్రస్తుతానికి ముప్పైతొమ్మిది పుటలను యూనికోడ్‌లో, ఏ యంత్రంలోనైనా తెరుచుకొనే సాదా పాఠంగాను, పి.డి.ఎఫ్.గాను ఉంచాను. మంచి కాగితంపై అచ్చుతీసిన ప్రతి ఒకటి అమ్మ దగ్గర ఉన్నది. ఒక డిస్కు నా దగ్గర, మరొకటి వేరే నగరంలో ఉన్న తమ్ముని దగ్గర ఉన్నాయి. ఏటా సంక్రాంతికి తమ్ముడు తన డిస్కు తెస్తాడు. ఇద్దరం రెండింటినీ తెరిచి పోల్చుకొంటాం; అయిదేళ్లు దాటిన డిస్కును మారుస్తాం. సంకేతపదం మా అమ్మాయికి తెలుసు. మొన్నటి పండుగకు పోలికంతా ఆమె చేతనే చేయించాను. పుటల సంఖ్యలను చూస్తూ, ఇరవై ఆరు తరువాత ఇరవై తొమ్మిది ఎందుకు వచ్చిందని అడిగింది. ఆ రెండు పుటలు నా బల్ల సొరుగులో, ఒకే ఒక ప్రతిగా ఉన్నాయి. ఆమెకు ఇంకా సమాధానం చెప్పలేదు.