కృతజ్ఞత ఎవరు ఎవరికి చెప్పాలి?

నవంబరు నాలుగో గురువారం నేపర్‌విల్‌లో ఒక మిత్రుల ఇంట్లో కొన్ని కుటుంబాలం కలిశాము. టర్కీ లేదు, క్రాన్‌బెర్రీ పచ్చడి పక్కన గోంగూర, పులిహోర. భోజనాలకు ముందు పిల్లలు, బళ్ళో నేర్పిన ప్రకారం, ప్రతివారూ తాము దేనికి కృతజ్ఞులో ఒక మాట చెప్పాలన్నారు. ఉద్యోగం, గ్రీన్ కార్డు, ఆరోగ్యం అని వరసగా చెప్పుకొచ్చాము. గుంటూరు నుంచి కొడుకు దగ్గరకు వచ్చిన ఒక పెద్దావిడ వంతు వచ్చింది. "నాకేం తక్కువ నాయనా!" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయారు. అందరం నవ్వాము.

నవ్విన వాళ్ళలో మేమూ ఉన్నాము. రోజూ రోగులను చూసేవాళ్ళమై ఉండి, ఆ మాట వెనక ఏముందో అడగటానికి మాకు రెండు గంటలు పట్టింది. నెలన్నరగా నిద్ర లేదుట. పగలంతా పలకరించే మనిషి లేదుట. "అన్నీ అమర్చి చూసుకుంటున్నారు. బాగాలేదంటే కృతఘ్నురాలినవుతాను కదా బాబూ" అన్నారు.

కృతజ్ఞత మనసుకు మేలు చేస్తుందన్నది ఉత్తమాట కాదు. 2003లో రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లా ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థులు పది వారాలపాటు, వారానికోసారి, తమకు కలిగిన మేళ్ళను అయిదింటి దాకా వ్రాసుకున్నారు. చికాకులు వ్రాసుకున్న వారికన్నా వీరు తమ జీవితం మీద ఎక్కువ తృప్తి కనబరిచారు. 2005లో మార్టిన్ సెలిగ్మన్ బృందం, సరిగా ఎన్నడూ కృతజ్ఞత చెప్పుకోని మనిషికి ఉత్తరం వ్రాసి స్వయంగా అందించమంది. అలా చేసినవారికి సంతోషం పెరిగింది, దిగులు తగ్గింది. ఆ మేలు నెలనాటికి ఉంది, మూడు నెలలకు మిగల్లేదు.

అంటే ఇది మంచి అలవాటే కాని మందు కాదు. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, ఆకలి మందగించటం ఉంటే డాక్టరుకు చూపించాలి. అటువంటి మనిషితో "నీకేం తక్కువ?" అనటం తలుపు మూసెయ్యటమే.

కృతజ్ఞుడంటే చేసిన మేలు ఎరిగినవాడు. ఎరుక ముందు, మాట తరవాత. మన కనుమ పండుగ చూడండి. పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మేత పెట్టి దణ్ణం పెడతాము. ఏడాది పొడుగునా గడ్డి వేశాము, ఏమంటావని ఎద్దును అడగము. మేలు పొందినవాడే వంగుతాడు.

ఆనాడు మేము చేసినది తలకిందులు. కొడుకును పెంచి, ఇప్పుడు మనవలను పెంచటానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషిని నిలబెట్టి కృతజ్ఞత చెప్పమన్నాము. బాకీ పడ్డవాళ్ళమే వసూలుకు కూర్చున్నాము!

"మనలో మనకు థాంక్సులేమిటి" అని మనం తరచు అంటాము. ఆ మాటలో ఆప్యాయత ఉంది. కొంత బద్ధకమూ ఉంది. అందుకని ఈ సంక్రాంతికి ఒక సూచన. అందరినీ వరసగా అడగటం మానుదాము. ఎవరికివారు తమ ఇంటి పెద్దల పక్కన కాసేపు కూర్చుని, వారు చేసిన ఫలానా పని ఒకటి చెప్పి, తరవాత వారు చెప్పేది విందాము. బాగాలేదని చెప్పినా విందాము.

ఆ పెద్దావిడను మరుసటి వారం కొడుకు డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాడు. మేము మా అమ్మకు ఉత్తరం మొదలుపెట్టాము. తెల్లవారుజామున మేము అనాటమీ చదువుతుంటే తనూ మేలుకుని కూర్చునేది. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయింది. పండుగలోగా పూర్తి చెయ్యాలి.