అమ్మ మళ్లీ చదువుకుంటానంటే...

 

పోయిన నెల స్త్రీల ఇజ్తిమా ముగిశాక ఒక సోదరి చీటీ పంపారు. పన్నెండేళ్ల క్రితం ఆమె డిగ్రీ పాసయ్యారు. ఆ ఏడాదే నికాహ్ అయింది. బాబు అయిదో తరగతి, పాపకు నాలుగేళ్లు. ఇప్పుడు ఎం.ఏ. చదవాలని కోరిక. “పిల్లల్ని చదివించే వయసులో నీకు పుస్తకాలేమిటని అత్తమ్మ అంటున్నారు. మావారు ఔననరు, కాదనరు. అడగటమే నా తప్పా?” అని రాశారు. ఫీజు కట్టడానికి ఇంకా ఇరవై రోజులే ఉందని చివర్లో చిన్న అక్షరాలతో ఉంది.

ఇలాంటి ప్రశ్న రాగానే మనం మొరాకోలోని ఫెజ్ నగరానికి వెళ్లిపోతాం. క్రీ.శ. 859లో అక్కడి ఖరవియ్యీన్ మస్జిదును ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ కట్టించారని, అదే తర్వాత పెద్ద విద్యాలయమైందని వేదికల మీద చెప్పుకుంటాం. ఇంటికొచ్చి మాత్రం “అన్నం ఏదీ?” అంటాం. ఆ సోదరి చిక్కు ఫెజ్‌లో లేదు, తన వంటింట్లో ఉంది. కనుక మదీనాలోని ఒక ఇంటి సంగతి చూద్దాం.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) నలుగురు బిడ్డల తల్లి. భర్త అబూ సలమా (రజి) ఉహుద్ గాయం తిరగబెట్టి హిజ్రీ 4లో మరణించారు. దైవప్రవక్త (స) వివాహ ప్రస్తావన పంపినప్పుడు ఆమె తన పిల్లల సంగతి దాచకుండా చెప్పారు. ఆయన (స) ఆ పిల్లల్ని అడ్డంకిగా చూడలేదు. చంటిబిడ్డ జైనబ్ ఆ ఇంట్లోనే పెరిగింది.

ఒకరోజు దాసి ఉమ్మె సలమా (రజి) తల దువ్వుతోంది. మస్జిదు నుంచి ప్రజలను పిలుస్తున్న ప్రవక్త (స) స్వరం వినిపించింది. ఆమె దువ్వెన పక్కన పెట్టించి లేవబోయారు. పిలిచింది మగవాళ్లనే, ఆడవాళ్లను కాదు కదా అంది ఆ అమ్మాయి. ప్రజల్లో తానూ ఉన్నానని ఆమె బదులిచ్చారు. ఈ సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. ఆమె ఉల్లేఖించిన హదీసులు 378 అని విద్వాంసులు లెక్కగట్టారు. ఇక ఆ చంటిబిడ్డ జైనబ్? పెద్దయ్యాక మదీనా స్త్రీలలో గొప్ప ధర్మశాస్త్ర పండితురాలిగా పేరు పొందారు. తల్లి చదివితే బిడ్డ ఏమైపోతుందని బెంగపడే అత్తమ్మలు ఈ ముక్క కొంచెం గుర్తుంచుకోవాలి.

“అది దీన్ విద్య, ఇది ఎం.ఏ. కదా!” అంటారేమో. షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) ప్రవక్త సతీమణి హఫ్సా (రజి)కు రాయడం నేర్పారు. అదేవిధంగా ఒక వ్యాధికి చేసే రుఖ్యా కూడా నేర్పమని ప్రవక్త (స) ఆమెతో అన్నారు. ఇది అబూదావూద్‌లో ఉంది. నేర్చుకున్నది పెళ్లయిన స్త్రీ, నేర్చుకున్నది అక్షరం రాయడం.

పిల్లల హక్కు చిన్నదని నేననడం లేదు. ప్రవక్త (స) నమాజును సుదీర్ఘంగా చేయాలని నిలబడేవారు. వెనుక వరుసల్లో పసివాడి ఏడుపు వినిపిస్తే తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించేవారు. గమనించండి, తల్లిని మస్జిదుకు రావద్దని పంపించలేదు! తన నమాజునే కుదించారు. ఇమామే తగ్గగా లేనిది, మనం సాయంత్రం టీ కొట్టు దగ్గర గడిపే గంటను తగ్గించుకోలేమా? ఇంటిపనిలో ఆయన (స) ఇల్లాలికి సాయపడేవారని ఆయిషా (రజి) చెప్పిన హదీసు బుఖారీలో ఉంది.

భర్తగారికి ఇంకో మాట. బిడ్డకు పాలు మాన్పించాలన్నా భార్యాభర్తలు ఇష్టపడి, సంప్రదించుకుని చేయాలని బఖరా సూరా 233వ ఆయతు బోధిస్తోంది. పాల విషయానికే అంత సంప్రదింపు అవసరమైతే, రెండేళ్ల చదువుకు మౌనం సమాధానమవుతుందా? ఈ తప్పు నేనూ చేశాను. నా ఇల్లాలు బి.ఎడ్. అన్నప్పుడు “పిల్లలు ఎదగనీ” అన్నాను. పిల్లలు ఎదిగారు. ఆమె మళ్లీ అడగలేదు, నేనూ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు మనవరాలికి ఆమె లెక్కలు చెబుతుంటే వినడం నాకు కష్టంగా ఉంటుంది.

సోదరీ! మీరూ కొన్ని చూసుకోవాలి. తోటికోడలి మీద పంతంతోనా, జ్ఞానం కోసమా, బిడ్డలకూ సమాజానికీ పనికొస్తుందనా? ఆ సంకల్పం ముందు సరిచేసుకోండి. వడ్డీ అప్పు జోలికి వెళ్లకండి. రోజూ కాలేజీకి వెళ్లడం కుదరకపోతే దారులున్నాయి. 1982లో ఏర్పడిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉర్దూ వచ్చినవారికి 1998లో హైదరాబాదులో నెలకొన్న మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఇంటినుంచి చదివే వీలు కల్పించాయి. ల్యాబు పనిలేని ఎం.ఏ.కు ఇది బాగా సరిపోతుంది. అయితే తరగతులు, పరీక్షల రోజుల్లో పాప ఎవరి దగ్గర ఉంటుందో ముందే తేల్చుకోండి. ఆ మాట అత్తమ్మను అడగండి, చెప్పకండి. పాపను చూసుకోమని కోడలు అడిగితే కాదనే నానమ్మలు తక్కువ.

ఇస్తిఖారా నమాజు చేసి, ఇషా తర్వాత పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కూర్చోండి. ఇరవై రోజుల్లో ఇప్పటికే కొన్ని గడిచిపోయాయి. అల్లాహ్ ఆ ఇంటివారి మనసులు కలిపి, వారికి మేలైన దానిని సులభం చేయుగాక! ఆమీన్.