చేదు - హితము

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో వానలు పడగానే రాగిచేల గట్లమీద, బీడులలో తుమ్మి మొలచును. కన్నడమున తుంబె యందురు, సంస్కృతమున ద్రోణపుష్పి. నలుపలకల కాడ, ఎదురెదురు ఆకులు, కణుపుల చుట్టును తెల్లని పూలు. తులసికిని పుదీనాకును ఇది చుట్టము. పూవు శివపూజకు తగినది, ఆకు చేదు. రైతునకు కలుపు, మా అవ్వకు మందు.

జలుబు చేసినప్పుడు అవ్వ ఆ పసరు మాకు పట్టెడిది. మొగము త్రిప్పుకొన్నచో, "చేదు మింగకుండా రోగం పోతాదా?" అని గద్దించెడిది. అందువలన చేదైనదెల్ల హితమేయని చిరకాలము నమ్మితిని. ఈ నమ్మకము సరియైనదేనా?

నా బాల్యమున, 1972 ప్రాంతమున, మేము మామాయని పిలుచు పొరుగింటి రైతును చేనిలో పాము కఱచినది. పెద్దలు తుమ్మిపసరు పోసి, గుణము కనబడునని కాచుకొనిరి. బస్సు దొరకునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. ఆయన మరల ఇల్లు చేరలేదు. పాము విషమునకు విరుగుడు గుఱ్ఱపు రక్తమునుండి తీసి సూదితో ఎక్కించు మందు; దానిని రోగి రుచి చూచుటయే లేదు. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది మరణించిరని పరిశోధకులు లెక్కగట్టిరి. 2024లో కర్ణాటక ప్రభుత్వము ప్రతి పాముకాటును ఆసుపత్రులు తప్పక తెలుపవలెనని శాసించినది.

పిమ్మట నేను గుమాస్తానైతిని. ఒకనాడు ఒక వితంతువు పింఛను అర్జీ తెచ్చినది. అందు తప్పులుండెను. "చదువు రానప్పుడు తెలిసినవారిచేత వ్రాయించుకొని రారాదా?" యని పదిమందిలో అంటిని. ఆమె తలవంచుకొని పోయినది, మరల రాలేదు. నిజము పలికితినను తృప్తి నాకు మిగిలినది. ఆమెకు పింఛను దక్కలేదు. ఆ తప్పులు దిద్దుటకు పావుగంట చాలియుండెడిది.

చేదు నాలుకకు తెలియునది. హితము ఫలమున తెలియునది. అవ్వ గద్దింపు జ్ఞాపకముంచుకొని, ఆమె నడతను మఱచితిని. పసరును ముందు తానొక చుక్క నాలుకపై వేసికొని చూచెడిది. పట్టిన పిమ్మట బెల్లపుముక్క చేతబెట్టెడిది. మూడవనాటికి తగ్గనిచో వైద్యుని యొద్దకు తానే ఎత్తుకొని పోయెడిది.

మన యిండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురు, బడిలో కన్నడము చదువుదురు. తెలుగక్షరము రాదని వారిని నిందించు పెద్దలము మనము. ఆ మాట నిజమే. కాని నిందించిన సాయంకాలమే పలక పట్టుకొని వారి ప్రక్కన కూర్చుండువారెందఱు? కూర్చుండనివారికి ఆ చేదు మాట పలుకు అధికారము లేదని నా తలంపు.