ఆగిపోవడం పిరికితనమా?

తెల్లవారుజామున హన్మకొండలోని జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వైపు వెళ్తే పరుగు సాధన చేసే యువతీయువకులు కనిపిస్తారు. మన విచారణల్లోని కుటుంబాలలో కూడా ఇలాంటి పిల్లలున్నారు. పరుగుతో మొదలుపెట్టిన కొందరు ఇప్పుడు ట్రయాథ్లాన్ వరకు వెళ్తున్నారు. ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటిగా ఈత, సైకిలు, పరుగు పూర్తిచేయవలసిన పోటీ ఇది. 2000వ సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో దీనికి చోటు దొరికింది. గోవాలో 2019లో మొదలైన పోటీలో 1.9 కిలోమీటర్లు ఈదాలి, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి, ఆపై 21.1 కిలోమీటర్లు పరుగెత్తాలి. అందుకు నెలల తరబడి సాధన కావాలి.

ఆ సాధన మధ్యలో ఒక రోజు కాలి ముందరి ఎముక వెంట సన్నగా నొప్పి మొదలవుతుంది. మంచాన పడేంత నొప్పి కాదు. అప్పటికే పోటీ రుసుము కట్టారు, సెలవు పెట్టారు, బంధుమిత్రులకు చెప్పుకున్నారు. ఇప్పుడు సాగాలా, ఆగాలా? ఆగితే పిరికితనమా? ఈ ప్రశ్న ఆటగాళ్లది మాత్రమే అనుకోకండి. నొప్పిని ఓర్చుకోవడమే పుణ్యమని చిన్ననాటి నుండి విన్న మనందరిదీ.

ముందుగా శరీరం మాట విందాం. పరుగెత్తిన ప్రతిసారీ ఎముకకు కంటికి కనిపించని చిన్న చిన్న గాయాలవుతాయి. విశ్రాంతి సమయంలో శరీరం వాటిని పూడ్చి, ఎముకను మునుపటికంటే గట్టిపరుస్తుంది. పూడ్చే వేగాన్ని మించి దెబ్బలు పడితే సన్నని చీలిక ఏర్పడుతుంది. దాన్నీ లెక్కచేయకపోతే ఎముక పూర్తిగా విరగవచ్చు. అంటే విశ్రాంతి కూడా సాధనలో భాగమే. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తేవారు నొప్పిని మాత్రమే అణచివేస్తున్నారు, గాయం ఉన్నచోటే ఉంటుంది. పైగా చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అలాంటి మాత్రలు మూత్రపిండాలకు హాని చేయవచ్చు.

మన తెలుగు బిడ్డ పి.వి. సింధు విషయం గుర్తు చేసుకుందాం. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో క్వార్టర్ ఫైనల్ నాటికే ఆమె ఎడమ పాదం బాధపెట్టింది. అయినా ఆడింది, ఆగస్టు 8న స్వర్ణ పతకం గెలిచింది. హైదరాబాదుకు తిరిగివచ్చి పరీక్ష చేయించుకుంటే ఎముకలో చీలిక ఉన్నట్లు తేలింది. వెంటనే టోక్యోలో జరగబోయే ప్రపంచ ఛాంపియన్‌షిప్ నుండి తప్పుకుంది. తిరిగి పోటీలలో ఆడింది 2023 జనవరిలోనే. అదే మనిషి, అదే పాదం, వారం రోజుల వ్యవధిలో రెండు వేర్వేరు నిర్ణయాలు. మొదటిదాన్ని ధైర్యమని మెచ్చుకున్న మనం రెండవదాన్ని ఏమని పిలవాలి?

ఇక్కడ పునీత థామస్ అక్వినాసు గారి బోధ మనకు దారి చూపుతుంది. ధైర్యానికి రెండు పనులున్నాయని ఆయన అంటారు: ఎదురుదాడి చేయడం, తట్టుకుని నిలబడడం. రెండింటిలో తట్టుకుని నిలబడడమే కష్టమని ఆయన నిర్ణయం. అందుకు మూడు కారణాలు చెబుతారు. తట్టుకునేవాడు తనకంటే బలమైనదాన్ని ఎదుర్కొంటున్నాడు. దాడి చేసేవాడికి ఆపద రాబోయేది, తట్టుకునేవాడికి అది ఇప్పటికే వచ్చి కూర్చున్నది. పైగా దాడి క్షణంలో ముగిసిపోవచ్చు, ఓర్పు మాత్రం చాలాకాలం సాగాలి. తోటివారంతా పరుగెత్తుతుంటే వారాల తరబడి గట్టున కూర్చున్న యువకుడిని ఈ మూడు కారణాలతో పోల్చి చూడండి. అతడు ధైర్యాన్ని వదిలేశాడని ఎవరనగలరు?

అయితే ప్రతి నొప్పికీ ఆగమని దీని అర్థం కాదు. బద్ధకానికి చిన్న నొప్పి మంచి సాకు. అందుకే ధైర్యానికి వివేకం తోడుండాలి. పరుగు మొదలైన కాసేపటికి కండరాల బిగువు సడలిపోతుందా, లేక అడుగడుగుకూ ఒకేచోట నొప్పి పెరుగుతుందా? మరుసటి ఉదయం మంచం దిగేటప్పుడు ఎలా ఉంది? వైద్యుడు ఏమన్నాడు? ఈ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకున్నాక ఇంకొకటి వేసుకోవాలి: నేను సాగేది మంచి కోసమా, నలుగురిలో మాట పడకూడదనా? ట్రయాథ్లాన్‌లో ఒక మేలున్నది. పరుగు ఆపవలసివచ్చినా, వైద్యుడు సరేనంటే ఈత కొలనులో సాధన కొనసాగించవచ్చు. ఆగడమంటే అన్నీ మానుకోవడం కాదని ఆ క్రీడే నేర్పుతుంది.

చివరిగా ఒక మాట. ఆగే వీలుండడం కూడా ఒక వరమే. ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి నడుము పట్టేసినా ఆ వీలు లేదు. అతడు ఆగితే ఆ పూట పొయ్యి వెలగదు. మోకాళ్ల నొప్పితోనే ఇంటిల్లిపాదికీ వండిపెట్టే తల్లిని ఆగమని చెప్పేవారు ఎందరు? ఆమె ఓర్పును పొగిడి ఊరుకుంటే, ఆ పొగడ్త మన సోమరితనానికి ముసుగు అవుతుంది. ఆగగలిగినవారు గర్వం కొద్దీ శరీరాన్ని చెరుపుకోవద్దు. దేవుడిచ్చిన ఈ దేహానికి మనం యజమానులం కాము, కాపరులం మాత్రమే. ఆగలేనివారి బరువును మాత్రం ఇంట్లోనైనా, విచారణలోనైనా కొన్నాళ్లు మనం మోద్దాం. ఈ వారం మీ ఇంట్లో నొప్పి దాచుకుని పనిచేస్తున్నది ఎవరో ఒకసారి అడిగి తెలుసుకోండి.